కొన్న వస్తువునకు అమ్మినవాని తాళము

(కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పఠనమందిరముల సభ్యులనుద్దేశించిన ప్రసంగపాఠము)



వెల యిచ్చి వస్తువును కొన్నవాడు దానికి యజమాని యగునా, కాదా? మన తాతలకిది ప్రశ్నయే కాదు. నాగలిని కొన్న రైతు దానిని తన ఊరి వడ్రంగిచేత చెక్కించుకొనెను. కర్రు మొద్దువారినచో కమ్మరి కొలిమికి పంపెను. ఆ వడ్రంగి యెవడని, ఆ కమ్మరికి అనుమతి యెవరిచ్చిరని నాగలి యడుగలేదు. నేడు మన చేతిలోని ఫోను అడుగుచున్నది. జిరాక్సు దుకాణములోని ప్రింటరు అడుగుచున్నది. పొలములో దిగు క్రొత్త యంత్రములు అడుగుటకు నేర్చుకొనుచున్నవి. తన్ను విప్పుచున్నవాడెవడో, తనలో పెట్టుచున్న భాగము ఏ కంపెనీదో విచారించి, జవాబు నచ్చనిచో అవి పని మానుచున్నవి. వెల మనము చెల్లించితిమి. తాళపుచెవి మాత్రము అమ్మినవాని యొద్దనే నిలిచిపోయినది. ఈ తాళమును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

ఇది పట్నవాసుల వేడుక వస్తువుల తగవని యెవరును తలంపకుడు. 2016లో పలు జిల్లాలుగా విడిపోయిన ఈ రెండు పాత జిల్లాలలో ఫోను లేని యిల్లు అరుదు. పింఛను, కూలి డబ్బు, రైతు ఖాతాలో పడు సొమ్ము, పిల్లవాని పరీక్షాఫలితము, అన్నియు ఆ చిన్న పలకలోనికే వచ్చుచున్నవి. అది చెడిన నాడు ఇల్లాగిపోవును. కనుక దానిని ఎవడు బాగుచేయవచ్చును, ఎంత వెలకు బాగుచేయవచ్చును అనునది పేదవాని జీవనమునకు సంబంధించిన ప్రశ్న.

తాళము ఒకటి కాదు. నాలుగు తెరగులైనవి కలవు. మొదటిది వస్తువు దేహమునకు వేసినది. బ్యాటరీని జిగురుతో అంటింతురు. బజారులో దొరకు స్క్రూడ్రైవరుకు లొంగని తలలు గల మరలు బిగింతురు. రెండవది లోపలి భాగములకు వేసినది. తెరకు, బ్యాటరీకి, కెమెరాకు ఒక్కొక్క సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యలను ఫోను ప్రధానఫలకమునకు ముడివేయుదురు. అదే కంపెనీకి చెందిన మరియొక ఫోనునుండి తీసిన అసలైన తెరను బిగించినను, సంఖ్య కలియనందున ఫోను హెచ్చరికలు చూపును. కొన్ని సౌకర్యములు ఆగిపోవును. మూడవది నిత్యము కొనవలసిన సరుకునకు వేసినది. ప్రింటరు సిరాడబ్బీకి ఒక చిప్పును తగిలించి, వేరొకరు నింపిన సిరాను యంత్రము నిరాకరించునట్లు చేయుదురు. నాలుగవది కాగితముపై వేసినది. బయటి మెకానిక్కు చేయి తగిలినచో వారంటీ చెల్లదని చిన్న అక్షరములలో వ్రాయుదురు. మరమ్మతు గ్రంథమును, లోపము కనుగొను సాఫ్టువేరును తమ సర్వీసు సెంటరు గడప దాటనీయరు.

ఈ తాళములు లేని యంత్రమెట్లుండునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. మన ప్రాంతమున వరిపొలములకు నీరెత్తు కరెంటు మోటారును చూడుడు. వోల్టేజి హెచ్చుతగ్గులచేత మోటారు కాలినచో రైతు దానిని మండలకేంద్రములోని వైండింగు దుకాణమునకు తీసికొనిపోవును. అచ్చట కాలిన రాగితీగను విప్పి, చుట్లు లెక్కించి, క్రొత్త తీగను చుట్టుదురు. మోటారు తిరిగి బావి చేరును, మడి ఎండదు. ఏ కంపెనీ మోటారైనను ఆ దుకాణమున చెల్లును. ఆ పనివానికి కంపెనీ అనుమతిపత్రము లేదు. పని నేర్పిన గురువు కలడు. ఈ మోటారులో ఒక చిప్పును పెట్టి, తీగ మార్చిన వెంటనే అది తిరుగకుండునట్లు చేసినచో ఏమగును? చేతికి రానున్న పంట ఎక్కడనో యున్న సర్వీసు సెంటరు వారి తీరిక కొరకు ఎదురుచూడవలసి వచ్చును. మోటారునకు నేటివరకు తప్పిన ఆపద ఫోనునకు ఇదివరకే తప్పలేదు.

సిరిసిల్ల సాంచాలు మరియొక నిదర్శనము. ఆ పట్టణపు మరమగ్గములు సామాన్యమైన యంత్రములు. వాని చప్పుడు వినియే ఎచ్చట లోపమున్నదో చెప్పగల పనివారు ఆ వీథులలోనే యున్నారు. భాగము అరిగినచో స్థానికముగానే చేయించుకొందురు. ఒక సాంచా మూలబడినచో దాని భాగములు మరియొకదానికి ప్రాణము పోయును. 2017 మొదలు కొన్నేండ్లు రాష్ట్రప్రభుత్వము బతుకమ్మ చీరల నేత పనిని ఇచ్చట నప్పగింపగా ఆ సాంచాలే వానిని నేసినవి. సిరిసిల్ల నేతవారి కష్టములు తీరినవని మేమనుట లేదు. కూలి, అప్పు, పని లేమి అచ్చట ఎట్టి దుఃఖములు తెచ్చినవో ఈ సభకు తెలియును. అయినను ఒక్క కష్టము మాత్రము వారికి లేదు: సాంచాను విప్పుటకు ఎవరి సెలవును అడుగ నవసరము లేదు. రేపు క్రొత్త యంత్రములు వచ్చునప్పుడు ఈ స్వాతంత్ర్యము నిలుచునా యని ఇప్పుడే విచారింపవలెను.

ఆదిలాబాదు పత్తి రైతు ఈ తాళమును మనకంటె ముందుగనే చూచినాడు. అతనికది యంత్రమున గాక విత్తనమున ఎదురైనది. 2002లో బీటీ పత్తికి దేశమున అనుమతి లభించెను. ఆ విత్తనము సంకరజాతిది. దాని పంటనుండి తీసిన గింజ మరుసటి యేడు తల్లి గుణమును నిలుపుకొనదు. కనుక రైతు ఏటేట కొనవలసినదే. దీనికి తోడు 450 గ్రాముల సంచిపై 1250 రూపాయలు జన్యులక్షణపు రుసుముగా వసూలగుచున్నదని, అది అన్యాయమని ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్తవ్యాపారముల కమిషను నెదుట మహికో-మోన్‌శాంటో సంస్థపై ఫిర్యాదు చేసెను. ఆ యేడు మే నెలలో రుసుమును తగ్గింపవలెనని కమిషను ఆదేశించెను. సంచి వెల 750 రూపాయలకు దిగెను. ఒక రాష్ట్రము గట్టిగా నిలిచినచో వెల దిగునని దీనివలన తెలిసినది. వెల దిగినను తాళము తొలగలేదనియు దీనివలననే తెలిసినది. రైతు నేటికిని ఏటేట విత్తనమును కొనుచునే యున్నాడు. కాబట్టి మన పోరాటము చవుకదనము కొరకు మాత్రమే కారాదు; తాళపుచెవి కొరకు కావలెను. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము రైతు తన పంట విత్తనమును దాచుకొనుటకు, తిరిగి నాటుటకు, ఇరుగుపొరుగులతో మార్చుకొనుటకు హక్కు నిచ్చినది. మొలకెత్తు శక్తిని చంపు సాంకేతికము గల రకములను నమోదు చేయరాదని శాసించినది. విత్తనమునకు ఇట్టి శాసనము చేయగలిగిన దేశము యంత్రమునకు ఏల చేయరాదు?

ఈ పద్ధతి నేడు పుట్టినది కాదు. 1920ల నడుమ ఐరోపా, అమెరికా దీపముల కంపెనీలు జెనీవాలో ఫీబస్ అను కూటమిగా నేర్పడి, విద్యుద్దీపము వేయి గంటలకు మించి వెలుగరాదని కట్టడి చేసికొన్నవి. అంతకుమించి మన్నిన దీపమును చేసిన కర్మాగారమునకు జరిమానా! మంచి వస్తువును చేసినందుకు శిక్ష విధించిన ఆ కూటమి రెండవ ప్రపంచయుద్ధముతో చెదరిపోయినది గాని దాని బుద్ధి చెదరలేదు. 2017 డిసెంబరులో ఆపిల్ సంస్థ పాతబడిన బ్యాటరీలు గల ఐఫోనుల వేగమును సాఫ్టువేరు ద్వారా తాను తగ్గించుచున్నట్లు ఒప్పుకొనెను. ఫోను ఆకస్మికముగా ఆరిపోకుండుటకే అట్లు చేసితిమని దాని సమాధానము. కాని కొన్నవానికి ఆ మాట ముందు చెప్పలేదు. బ్యాటరీ మార్చిన చాలునని తెలియక క్రొత్త ఫోను కొన్నవారి మాట యేమి? ఈ దాపరికమునకు 2020లో ఫ్రాన్సు ప్రభుత్వము రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించినది.

లోకము ఊరకుండలేదు. 2017 మే 30న అమెరికా సర్వోన్నత న్యాయస్థానము లెక్స్‌మార్క్ ప్రింటర్ల వ్యాజ్యమున, సిరాడబ్బీని ఒకసారి అమ్మిన పిమ్మట దానిపై పేటెంటు హక్కు తీరిపోవునని, కొన్నవాడు దానిని మరల నింపించుకొన్నచో తయారీదారు పేటెంటు పేరు చెప్పి ఆపజాలడని తీర్పు చెప్పెను. 2024లో ఆరెగాన్ రాష్ట్రము, భాగములకు సంఖ్యల ముడివేసి మరమ్మతును అడ్డగించు పద్ధతిని నిషేధించుచు శాసనము చేసెను. ట్రాక్టరుల మరమ్మతును తన గుప్పిట నుంచుకొన్నదని జాన్ డీర్ సంస్థపై 2025 జనవరిలో అమెరికా వాణిజ్య కమిషను వ్యాజ్యము వేసెను. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 మొదలు ఫోనులకు ఒకే విధమైన ఛార్జరు మొన యుండవలెనని విధించెను. ఆ శాసనము చేసినది ఐరోపా; కాని 2023లోనే ఆపిల్ సంస్థ తన క్రొత్త ఫోనుల మొనను లోకమంతటికిని మార్చివైచినది. ఒకచోట తెగిన గొలుసు పలుచోట్ల సడలునని దీని భావము.

మన దేశమున ఏమి జరిగినది? 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషను పదునాలుగు కార్ల కంపెనీలపై 2544 కోట్ల రూపాయలకు పైబడిన జరిమానా విధించెను. విడిభాగములను, లోపము కనుగొను పరికరములను బహిరంగ విపణిలో దొరకనీయక, బయటి మెకానిక్కుల నోట మట్టి కొట్టుట వారి నేరము. 2016లో అప్పీలు విన్న న్యాయాధికరణము కొన్ని కంపెనీల విషయమున తప్పును నిలిపియు, జరిమానాను మిక్కిలి తగ్గించినది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించి, వ్యవసాయ యంత్రములు, ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగు రంగములను ఎన్నుకొనెను. ఆ డిసెంబరు 24న మరమ్మతు సమాచారపు అంతర్జాల ద్వారము తెరచిరి. వస్తువు మరమ్మతునకు ఎంత అనువైనదో మార్కులు వేసి చెప్పు సూచికను గూర్చి నియమించిన మరియొక సంఘము 2025 మేలో తన నివేదికను సమర్పించెను. ఇవి మంచి అడుగులే. కాని ద్వారము తెరచుట వేరు, లోనికి పోవు హక్కు వేరు. కంపెనీ తన యిష్టముచొప్పున ఇచ్చు సమాచారము దయ యగును. శాసనము చొప్పున ఇచ్చునదే హక్కు.

శాసనము తాళమును తీయగలదనుటకు మన యనుభవమే సాక్షి. 2011 జనవరి 20కి పూర్వము ఫోను కంపెనీని మార్చినచో నంబరును వదలుకొనవలసి యుండెను. బంధువులకు, ఖాతాదారులకు తెలిసిన నంబరును పోగొట్టుకొనలేక జనులు చెడ్డ సేవనే సహించిరి. నంబరు కదలకయే కంపెనీని మార్చుకొనుటకు ఆనాడు దేశమంతటను వీలు కలిగెను. కంపెనీలు కూలిపోలేదు, వ్యాపారము ఆగలేదు. టీవీ సెట్‌టాప్ బాక్సుల విషయమునను ఇట్టి స్వేచ్ఛ యుండవలెనని, ఒకరి బాక్సు మరియొకరి ప్రసారమునకు పనికివచ్చునట్లు చేయవలెనని 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ సంస్థ సిఫారసు చేసెను. కేబులు మార్చిన ప్రతివాని యింటి అటకపై ఒక చచ్చిన బాక్సు పడియున్నదనిన, ఆ సిఫారసు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మన జాతీయోద్యమము ఈ విషయమున మనకేమి నేర్పినది? యంత్రమును ద్వేషింపుమని నేర్పలేదు. 1929లో అఖిల భారత చరఖా సంఘము మేలైన రాట్నమును నిర్మించువానికి లక్ష రూపాయల బహుమానము ప్రకటించెను. అందలి నియమములను నేటివారు చదువవలెను. రాట్నము పల్లెలోని గుడిసెలో నడువవలెను. స్త్రీ యెనిమిది గంటలు అలసట లేక త్రిప్పగలుగవలెను. వెల 150 రూపాయలకు మించరాదు. తగిన మరమ్మతుతో ఇరువది యేండ్లు మన్నవలెను. ఏటి మరమ్మతు ఖర్చు యంత్రపు వెలలో నూటికి అయిదు వంతులు దాటరాదు. చూచితిరా! మన్నిక యెంత, మరమ్మతు ఖర్చెంత యను ప్రశ్నలను గాంధీగారి కాలపు సంఘము యంత్రము పుట్టక పూర్వమే నిర్మాతకు వేసినది. మెట్‌పల్లి ఖాదీని కట్టిన ఈ ప్రాంతమువారికి ఆ ప్రశ్నలు పరాయివి కావు. నేడు పదివేల ఫోనును కొనుచు ఆ రెండు ప్రశ్నలలో ఒక్కదానినైనను అడుగకుండుట మనకు తగునా?

నిర్మాతల వాదమును గూడ వినుట న్యాయము. బ్యాటరీలు ప్రమాదకరమైనవి, నాసిరకపువి మండునని వారందురు. నిజమే. దొంగిలించిన ఫోనులను విప్పి భాగములు అమ్ముకొనకుండుటకు సంఖ్యల ముడి ఉపకరించునందురు. అదియు కొంత నిజమే. కాని మందు ప్రమాదకరమని మందుల దుకాణములన్నిటిని మూసి, ఒక్క కంపెనీ దుకాణమునే యుంచిన రాజ్యము కలదా? నాణ్యతకు ముద్ర వేయుదురు, పనివానికి శిక్షణ నిత్తురు, దొంగ సరుకును పట్టుదురు. అసలైన బ్యాటరీని న్యాయమైన వెలకు ప్రతి మెకానిక్కునకు అమ్మినచో నాసిరకమును కొనువాడెవడు? అసలుది దొరకనీయక, నకిలీ హెచ్చినదని వగచుట ఏమి న్యాయము? దొంగ ఫోను భాగములను ఆపుటకు యజమాని సమ్మతి చాలును. కంపెనీ గుత్త అక్కరలేదు.

మన మెకానిక్కు సోదరులకు చట్టము గూర్చి రెండు మాటలు చెప్పవలెను. అమెరికాలో 1998 నాటి శాసనము డిజిటలు తాళమును దాటుటనే మొత్తముమీద నిషేధించి, మూడేండ్లకొకసారి మినహాయింపులను పంచుచున్నది. మన కాపీరైటు చట్టమునకు 2012లో చేర్చిన 65ఎ సెక్షను అట్టిది కాదు. కాపీరైటును భంగపరచు నుద్దేశముతో తాళము తీయుటయే నేరము. చట్టము స్పష్టముగా నిషేధింపని పని కొరకు తీయుట నేరము కాదు. అయితే మరియొకరి కొరకు తాళము తీసి యిచ్చువాడు, వారి పేరు, చిరునామా, ఏ పనికొరకు తీసినది వ్రాసి యుంచవలెను. కనుక ప్రతి దుకాణమున ఒక పుస్తకముండుట శ్రేయస్కరము. ఫోను గుర్తింపుసంఖ్యయగు ఐ.ఎమ్.ఇ.ఐ.ని మార్చుట మాత్రము నిస్సందేహముగా నేరము. దానికి చేయి పెట్టువాడు దొంగకు తోడగును. నిజాయితీయే మన దుకాణములకు రక్ష.

ఇక కర్తవ్యము. కొనుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు: బ్యాటరీ మార్చుటకు ఎంత యగును? విడిభాగములు ఎన్నేండ్లు దొరకును? బయట బాగుచేయించినచో వారంటీ యేమగును? జవాబును బిల్లుపై వ్రాసి యిమ్మనుడు. అన్యాయము జరిగినచో 1915 నంబరునకు ఫోను చేయుడు. జిల్లా వినియోగదారుల కమిషను నాశ్రయింపుడు. అయిదు లక్షల రూపాయలలోపు చెల్లించి కొన్న వస్తువును గూర్చిన ఫిర్యాదునకు అచ్చట రుసుము లేదు. రెండేండ్లలోపు దాఖలు చేయవలెను. కరీంనగరమునను ఆదిలాబాదునను ఆ కమిషనులు కలవు. వాని గడప తొక్కుటకు జంకుటయే మన లోపము.

పఠనమందిరములకు మేము ప్రత్యేకముగా విన్నవించుచున్నాము. ప్రతి మందిరమున ఒక మరమ్మతు పుస్తకముంచుడు. ఏ వస్తువు ఎప్పుడు కొన్నది, ఎప్పుడు చెడినది, ఎవరు బాగుచేసిరి, ఎంతయైనది, కంపెనీ యేమన్నది, సభ్యులందరు అందులో వ్రాయుదురు గాక. ఒక్కని గోడు గొణుగుడు. నూరుమంది వ్రాసినది సాక్ష్యము. ఏడాది తిరుగునప్పటికి ఏ వస్తువు కొనదగినదో, ఏది తాళము వేసినదో ఊరికి తెలియును. ఆ పుస్తకమును శాసనసభ్యుని కడకు, పార్లమెంటు సభ్యుని కడకు కొనిపొండు. ప్రజాధనముతో పాఠశాలలకు, కార్యాలయములకు కొను కంప్యూటర్లు, ప్రింటర్లు ఎవరైనను బాగుచేయదగినవిగా నుండవలెనని కోరుడు. ప్రభుత్వమంత పెద్ద కొనుగోలుదారు అడిగినచో కాదను కంపెనీ యుండదు.

1935లో మాడపాటి హనుమంతరావు పంతులుగారి అధ్యక్షతన నాలుగవ ఆంధ్రమహాసభ సిరిసిల్లలో జరిగినది. ఆ మహాసభోద్యమము వెట్టిచాకిరిపై తిరుగబడినది. మన తాతలు పడిన వెట్టితో నేటి బాధను సరితూచుట వారి కష్టమునకు అపచారము, మేమట్లు చేయము. కాని వారు మనకొక విషయము నేర్పిరి. ఆచారమని, అట్లే జరుగునని, ఏమి చేయగలమని ఊరంతయు ఊరకున్నంత కాలము అన్యాయము శాసనమువలె చెల్లును. నలుగురు కూర్చుండి దానికి పేరు పెట్టి, ఇది అన్యాయమని తీర్మానము వ్రాసిన నాటినుండి దానికి దినములు లెక్కకు వచ్చును. ఆ తీర్మానములను వ్రాసినవారు మీవంటి చదువరులే; వారు కూర్చున్నవి ఇట్టి పఠనమందిరములే.

మన పిల్లలు వస్తువును విప్పి చూచి నేర్చుకొనవలెను. మన పనివారు తమ చేతి నేర్పుతో అన్నము తినవలెను. మనము కొన్నది మనదై యుండవలెను. ఈ మూడింటికిని అడ్డముగా నున్న తాళము ఒక్కటే. నేటి సభ ముగియుటకు ముందే మరమ్మతు పుస్తకపు మొదటి పుటపై మొదటి పేరు వ్రాయబడవలెనని మా కోరిక.